లైపోసక్షన్ తర్వాత మళ్ళీ బరువు పెరిగాను, ఇంకోసారి చేయించుకోవాలా?

అడిగినావిడ రాసిన విషయం క్లుప్తంగా ఇది. వయసు 36, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, రెండు సిజేరియన్లు అయ్యాయి. 14 నెలల క్రితం పొట్టకీ నడుం పక్కలకీ లైపోసక్షన్ (చర్మం కింది కొవ్వుని గొట్టంతో లాగి తీసే ఆపరేషన్, క్లుప్తంగా లైపో) చేయించుకున్నారు. మూడున్నర లీటర్లు తీశామని డాక్టర్లు చెప్పారట. ఆపరేషన్‌కి ముందు 71 కిలోలు, రెండు నెలలకి 68, ఇప్పుడు 75. పొట్ట కింది భాగం పరవాలేదు గానీ పై పొట్ట, వీపు, చేతులు లావెక్కాయి. "లక్షలు పోసి తీయించుకున్న కొవ్వు మళ్ళీ వచ్చేసిందిగా" అని ఇంట్లో రోజూ మాటలు. తీసేసిన కొవ్వు నిజంగానే తిరిగి వస్తుందా, మళ్ళీ లైపో చేయించుకోమంటారా అని ఆమె ప్రశ్న.

నేను ప్లాస్టిక్ సర్జన్‌ని. ఈ ఆపరేషన్ చేయడమే కాదు, అయిన ఏడాదికో రెండేళ్ళకో ఇదే ప్రశ్నతో తిరిగి వచ్చేవాళ్ళని కూడా చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. తీసేసిన కొవ్వు కణాలు తిరిగి రావు. ఒంట్లో మిగిలిన కణాలు ఉబ్బుతాయి. ఇప్పుడు రెండోసారి లైపో చేయించుకోవద్దు. మొదట నాలుగైదు కిలోలు తగ్గి, ఆ బరువు మీద ఆరు నెలలు నిలబడండి. అప్పటికి మీ మొదటి ఆపరేషన్ ఇచ్చిన ఆకారం చాలావరకు మళ్ళీ బయటపడుతుంది. మీ డబ్బు వృథా కాలేదు, మీ ఆపరేషన్ చెడిపోలేదు. ఇంట్లో వాళ్ళకి ఈ రెండు వాక్యాలూ చదివి వినిపించండి.

ఇక కారణాలు. పెద్దవాళ్ళయ్యాక మన ఒంట్లో కొవ్వు కణాల సంఖ్య దాదాపు స్థిరంగా ఉంటుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2008లో దీన్ని చూపించారు. ఏటా సుమారు పదో వంతు కణాలు చనిపోయి, అంతే సంఖ్యలో కొత్తవి పుడతాయని వాళ్ళు లెక్కగట్టారు. లైపోలో మనం చేసేది ఒక చోట కణాల సంఖ్యని తగ్గించడం. కానీ మీరు తినేదీ ఖర్చు చేసేదీ మారకపోతే మిగిలిన శక్తి ఎక్కడో ఒకచోట నిల్వ ఉండాల్సిందే. నాలుగు గాదెల్లో ఒకటి తీసేసి పంట మాత్రం అంతే తెస్తుంటే మిగిలిన మూడూ నిండుతాయి కదా, ఇదీ అంతే.

అది ఎక్కడ నిండుతుందన్నది మీకు బాగా పనికొచ్చే సంగతి. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు ఊబకాయం లేని 32 మంది ఆడవాళ్ళని తీసుకుని, కొందరికి లైపో చేసి, మిగిలినవాళ్ళని అలాగే ఉంచి ఏడాది పాటు కొలిచారు. 2011లో ఆ ఫలితాలు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి లైపో అయినవాళ్ళలో తీసినంత కొవ్వూ తిరిగి చేరింది. అయితే తీసిన తొడల్లో చేరలేదు, ఎక్కువగా పొట్ట వైపు చేరింది. మీరు రాసిన "కింది పొట్ట పరవాలేదు, పై పొట్టా వీపూ లావయ్యాయి" అన్న మాట చదవగానే నాకు గుర్తొచ్చింది ఇదే. తొడలకి చేయించుకున్న ఒక బ్యాంకు ఉద్యోగిని రెండేళ్ళకి వచ్చి, ప్యాంటు ఇప్పటికీ సరిపోతోంది కానీ జాకెట్లు మాత్రం అన్నీ విప్పి కుట్టించుకోవాల్సి వచ్చిందని చెప్పారు. ఆవిడ బరువు ఆపరేషన్ ముందున్న చోటికే వచ్చింది, కొవ్వు సర్దుకున్న చోటు మారింది.

మూడున్నర లీటర్ల విషయంలో కూడా ఒక అపోహ ఉంది. సీసాలో కనబడేదంతా కొవ్వు కాదు. తీసే ముందు చర్మం కింద సెలైన్, మత్తుమందు, అడ్రినలిన్ కలిపిన ద్రవాన్ని ఎక్కిస్తాం. కాలిఫోర్నియాకి చెందిన చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1980లలో తెచ్చిన పద్ధతి ఇది. దీనివల్లే రక్తం పోవడం బాగా తగ్గి ఈ ఆపరేషన్ ఇంత మామూలు అయింది. ఆ ద్రవంలో కొంత, కాస్త రక్తం కూడా సీసాలోకి వస్తాయి. కొవ్వు నీళ్ళకంటే తేలిక కూడా. కాబట్టి మీ ఒంట్లోంచి పోయిన అసలు కొవ్వు బరువు సుమారు రెండు కిలోల దగ్గర ఉంటుంది. మీరు 71 నుంచి 68కి దిగడం దానికి తగ్గట్టే ఉంది. ఒక సిట్టింగ్‌లో మొత్తం 5 లీటర్లు దాటితే దాన్ని పెద్ద మోతాదు లైపో అంటాం, ప్రమాదం పెరుగుతుంది. అందుకే లైపో బరువు తగ్గించే ఆపరేషన్ కాదు, ఆకారం సరిచేసే ఆపరేషన్. ఈ మాట ఆపరేషన్‌కి ముందే పేషెంటుకి అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత మా సర్జన్లదే. ప్రకటనల్లో "పది కిలోలు మాయం" అని రాసేవాళ్ళ మీద నాకు నిజంగా కోపం. ఆ మాట నమ్మి వచ్చినవాళ్ళే తర్వాత అందరికంటే ఎక్కువ కుంగిపోతారు.

ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 15 మంది ఊబకాయం ఉన్న ఆడవాళ్ళకి పొట్ట నుంచి పది కిలోల దాకా కొవ్వు తీసి చూశారు. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మూడు నెలల తర్వాత కూడా వాళ్ళ ఇన్సులిన్ పనితీరు, బీపీ, కొలెస్టరాల్ ఏవీ మెరుగుపడలేదు. ఎందుకంటే మేం తీసేది చర్మానికీ కండరానికీ మధ్య ఉండే కొవ్వు. పేగుల చుట్టూ, కాలేయంలో చేరే లోపలి కొవ్వుని మా గొట్టం ముట్టుకోలేదు, ముట్టుకోకూడదు కూడా. షుగరూ గుండెజబ్బూ తెచ్చేది ప్రధానంగా ఆ లోపలిదే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది బ్రెజిల్‌లో చేసిన ఇంకో అధ్యయనం, 2012 నాటిది. పొట్ట లైపో అయిన 36 మంది ఆడవాళ్ళని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ఆపరేషన్ అయిన రెండు నెలల తర్వాత నుంచి నాలుగు నెలల పాటు వ్యాయామం చేయించారు, ఇంకో జట్టుని మామూలుగా వదిలేశారు. వ్యాయామం చేయని జట్టులో లోపలి కొవ్వు దాదాపు 10 శాతం పెరిగింది. చేసిన జట్టులో పెరగలేదు. నా దగ్గర ఎవరు లైపో చేయించుకున్నా, కుట్లు విప్పే రోజే వ్యాయామం గురించి మాట్లాడటానికి కారణం ఇదే.

ఇప్పుడు మీ లెక్కకి వద్దాం. ఏడాదిలో ఏడు కిలోలు పెరిగారు. ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7700 కేలరీలుంటాయి. ఉజ్జాయింపుగా లెక్క వేస్తే రోజుకు దాదాపు 150 కేలరీలు మిగిలినట్టు. ఒక పెద్ద చెంచా నూనెలోనే 120 కేలరీలుంటాయి. అంటే మీరు విచ్చలవిడిగా ఏమీ తినలేదు. రోజూ కూరలో కాస్త నూనె, సాయంత్రం చిక్కటి పాలతో ఇంకో టీ, దాంతో నాలుగు జంతికలు, అంతే చాలు. మీరు "నేను పెద్దగా తినను డాక్టర్‌గారూ" అని రాశారు. నమ్ముతున్నాను. ఇంత చిన్న తేడా ఎవరి కంటికీ ఆనదు.

మన ఇళ్ళలో ఈ తేడా ఎప్పుడు మొదలవుతుందో నేను చూసినంతలో చెబుతాను. ఆపరేషన్ అయిన మొదటి నెలన్నరలో. "ఆపరేషన్ అయింది, బలం రావాలి" అని అమ్మగారో అత్తగారో జీడిపప్పు వేసిన ఉప్మా, నెయ్యి వేసిన ముద్దపప్పన్నం, పొద్దున్నా రాత్రీ హార్లిక్స్ పాలు, వారానికి రెండుసార్లు మటన్ పెడతారు. ప్రేమతోనే పెడతారు. ఇంకోపక్క బిగుతు బెల్ట్ వేసుకుని, నొప్పికి భయపడి మనిషి మంచం దిగరు. కదలకపోతే కండ తరుగుతుంది, తిండి వల్ల కొవ్వు పెరుగుతుంది. ఆరు వారాల తర్వాత బెల్ట్ తీసేస్తారు, అలవాటైన తిండి మాత్రం అలాగే ఉండిపోతుంది. పుండు మానడానికి కావాల్సింది మాంసకృత్తులు, నీళ్ళు, నిద్ర, కాస్త నడక. నెయ్యీ హార్లిక్సూ అవసరం లేదు.

ఆపరేషన్ ఈ మధ్యే అయినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. మొదటి వారంలో తూకం ఒకటి రెండు కిలోలు పెరగడం మామూలే. అది ఎక్కించిన ద్రవం, వాపు. వాపు పూర్తిగా దిగడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఆ లోపల తూకం చూసి కంగారు పడొద్దు. కానీ ఒక కాలి పిక్క నొప్పితో వాచినా, ఆయాసం వచ్చినా, గుండెల్లో పోటు వచ్చినా, జ్వరంతో పాటు చర్మం ఎర్రబడినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోవడం ఈ ఆపరేషన్ తర్వాత వచ్చే అత్యంత ప్రమాదకరమైన చిక్కుల్లో ఒకటి. ఇంటర్నెట్‌లో అడిగి జవాబు కోసం ఎదురుచూసే విషయం కాదది.

తిండి మార్చే ముందు మీరు చేయాల్సిన పని పరీక్షలు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్టరాల్, కాలేయం పరీక్షలు చేయించండి. నెలసరి తప్పుతున్నా, గడ్డం కింద వెంట్రుకలు వస్తున్నా పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) సంగతి చూపించుకోండి. ఒకావిడ సరిగ్గా మీలాగే ఎనిమిది కిలోలు పెరిగి వచ్చారు. తిండి లెక్కలన్నీ అడిగాక తెలిసిందేమిటంటే, ఆపరేషన్‌కి ముందు ఎవరో బంధువు "ఆపరేషన్ టైంలో మాత్రలు వేసుకోకూడదు" అన్నారని థైరాయిడ్ మాత్ర ఆపేశారు, తర్వాత మళ్ళీ మొదలుపెట్టలేదు. థైరాయిడ్ మాత్ర ఆపరేషన్ కోసం ఆపాల్సిన మందు కాదు. మాత్ర మళ్ళీ మొదలయ్యాక నీరసం, ఒళ్ళు వాపు పోయాయి, నడవడానికి ఓపిక వచ్చింది. పెరిగిన ఎనిమిది కిలోలూ థైరాయిడ్ వల్లే కాదు, మాత్ర ఒక్కటే ఆ బరువునంతా దింపదు కూడా. కానీ అది సరిచేయకుండా ఎంత కడుపు మాడ్చుకున్నా ఫలితం కనబడేది కాదు.

మందుల చీటీ కూడా తెచ్చి చూపించండి. స్టెరాయిడ్లు, కొన్ని డిప్రెషన్ మందులు, వాల్‌ప్రోయేట్ లాంటి ఫిట్స్ మందులు, ఇన్సులిన్, మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ బరువు పెంచగలవు. వీటిని మీ అంతట మీరు ఆపకూడదు, రాసిన డాక్టర్‌తో మాట్లాడి మార్చుకోవచ్చేమో అడగాలి. కీళ్ళ నొప్పులకీ ఆయాసానికీ పేరూ లేబులూ లేని పొడులు వాడుతుంటే మాత్రం డాక్టర్‌కి తప్పక చెప్పండి, అలాంటివాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండటం కొత్తేమీ కాదు. చాలాకాలంగా వాడి ఉంటే వాటిని ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే.

ఇంకో రెండు విషయాలు ఇంట్లోనే చూసుకోండి. ఒకటి, టేపు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్యన, ఊపిరి వదిలాక చుట్టుకొలత తీయండి. మన దేశపు ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటితే లోపలి కొవ్వు ఎక్కువ ఉందని అనుమానించాలి. బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చూసే లెక్క) కూడా మనకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కిందే లెక్క. మీది ఇప్పుడు 30. ఆపరేషన్ రోజుకే 28 పైన ఉంది. అంటే అప్పుడే బరువు గురించి మాట్లాడాల్సిన అవసరం ఉంది. అది మీ తప్పు కాదు, మీకు చెప్పాల్సినవాళ్ళు చెప్పాల్సింది.

రెండోది, మీకు రెండు సిజేరియన్లన్నారు కాబట్టి. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తల మాత్రం కొంచెం పైకెత్తండి. పొట్ట మధ్యలో నిలువుగా గట్టులా ఉబ్బితే పొట్ట కండరాలు రెండుగా విడిపోయి ఉన్నాయని అర్థం. కాన్పుల తర్వాత ఇది చాలామందిలో ఉంటుంది. అలాంటప్పుడు పై పొట్ట ముందుకి వచ్చినట్టు కనబడేది అంతా కొవ్వు కాదు. దానికి ఎన్నిసార్లు లైపో చేసినా ప్రయోజనం ఉండదు. ఫిజియోథెరపీ ఉంది, అవసరమైతే కండరాలు దగ్గరికి కుట్టే టమ్మీ టక్ ఉంది. అప్పటిదాకా యూట్యూబ్ చూసి క్రంచెస్ మాత్రం చేయకండి, ఆ ఉబ్బు పెరుగుతుంది.

పొట్టని వేళ్ళతో పట్టుకుని చూడటం కూడా ఉపయోగమే. మెత్తగా చేతికి మందంగా దొరికితే చర్మం కింది కొవ్వు. చేతికి పెద్దగా దొరకకుండా గట్టిగా, డోలులా ఉంటే లోపలిది. పెళ్ళికి ముందు పొట్ట లైపో చేయించుకుని డాలస్ వెళ్ళిపోయిన ఒకబ్బాయి సెలవుల్లో వచ్చి, "మళ్ళీ తీసేయండి, వారంలో ఫ్లైట్" అన్నాడు. రాత్రి పదకొండు దాకా ఇండియా కాల్స్, ఆ తర్వాత భోజనం, కారు దిగితే కుర్చీ. పొట్ట గట్టిగా ఉంది, స్కాన్‌లో కాలేయానికి కొవ్వు పట్టింది. నేను తీయగలిగింది అక్కడ ఏమీ లేదు. ఆపరేషన్ అయ్యి వారం లోపల అంత దూరం విమానం ఎక్కితే రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. అతన్ని ఆపరేషన్ లేకుండానే పంపించాను. రాత్రి భోజనం ఎనిమిదికి మార్చి, బరువులెత్తడం మొదలుపెట్టి, తర్వాతి ఏడాది వచ్చినప్పుడు నడుం నాలుగంగుళాలు తగ్గి కనిపించాడు. లోపలి కొవ్వుకి ఉన్న మంచి గుణం ఇదే, బరువు తగ్గడం మొదలుపెట్టగానే ముందుగా కరిగేవాటిలో అది ఉంటుంది.

ఇప్పుడు తిండి. మీకు కావాల్సింది వారానికి అరకిలో లోపు తగ్గుదల, అంతకంటే వేగం వద్దు. వేగంగా తగ్గితే కండ పోతుంది. లైపో అయిన చోట చర్మం ముందే కొంత వదులై ఉంటుంది కాబట్టి మరింత జారుతుంది.

నేను మొదట అడిగేది నూనె డబ్బా గురించి. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల భోజనానికి రోజుకు 27 గ్రాముల నూనె, నెయ్యి చాలంటుంది. నలుగురున్న ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు. మీరు బరువు తగ్గాలి కాబట్టి మీకు ఇంకా తక్కువ. మీ ఇంట్లో నెలకి ఎన్ని ప్యాకెట్లు కోస్తున్నారో చూడండి. చాలా ఇళ్ళలో ఆరేడు ఉంటాయి. ఆవకాయ మీద తేలే నూనె, పోపులు, పండగ పిండివంటలు అన్నీ అందులోకే వస్తాయి. రాజమండ్రి నుంచి వచ్చే ఒక గృహిణి మొదటి నాలుగు నెలలు చేసిన మార్పు ఇదొక్కటే. నెల మొదట్లో నూనె కొలిచి సీసాలో పోసుకుని, అయిపోతే మళ్ళీ కొననని పట్టుదలగా ఉన్నారు. వేపుళ్ళు వారానికి రెండయ్యాయి, మిగతా రోజులు ఇగురు, పులుసు, పప్పుకూర. ఇంటిల్లిపాదికీ వేరే వంట చేయాల్సిన అవసరం రాలేదు, అందుకే అది నిలబడింది.

రాత్రి "అన్నం మానేశాను, టిఫినే" అనేవాళ్ళు నాకు రోజూ కనబడతారు. మూడు నూనె దోసెలు, కొబ్బరి చట్నీ కలిపితే ఒక కప్పు అన్నం, పప్పు, కూర కంటే ఎక్కువే అవుతుంది. అన్నం శత్రువు కాదు. వండిన అన్నం వంద గ్రాముల్లో 130 కేలరీలే. కొలిచి పెట్టుకోకపోవడమే సమస్య. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు పెట్టుకుని, పప్పో గుడ్డో చేపో పెట్టుకుని, చివర్న ఒక కప్పు అన్నం పెట్టుకోండి. మొదటి ముద్దలు కూరవే అయితే అన్నం దానంతటదే తగ్గుతుంది. కొర్రలు, సామలు మంచివే, పీచు ఎక్కువ, కానీ కేలరీల్లో బియ్యానికి పెద్ద తేడా లేదు. "కొర్రలే కదా" అని రెండింతలు తింటే తగ్గరు. పొద్దున్నే తేనె నిమ్మరసం కొవ్వుని కరిగించదు, తేనెలో ఉన్నదీ చక్కెరే.

మాంసకృత్తులు మాత్రం పెంచండి. మీ బరువుకి రోజుకు 60 నుంచి 70 గ్రాములు రావాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకి ఈ లెక్క వర్తించదు, వాళ్ళు తమ డాక్టర్‌ని అడగాలి. గుడ్డులో 6 గ్రాములు, వండని పెసలో శనగలో వంద గ్రాములు తీసుకుంటే సుమారు 20 ఉంటాయి. పొద్దున ఇడ్లీకి బదులు నూనె తక్కువ వేసిన పెసరట్టు, మధ్యాహ్నం గట్టిపప్పు, సాయంత్రం జంతికల బదులు ఉడికించిన శనగలు, రాత్రి గుడ్డో చేపో సోయానో, రెండుపూటలా పెరుగు. ఆకలి తగ్గేది కూడా వీటివల్లే. నీళ్ళ మజ్జిగ ఎంతైనా తాగండి.

వ్యాయామం విషయంలో మీరు 14 నెలలు దాటారు కాబట్టి ఏ అడ్డూ లేదు, పైన చెప్పిన గట్టు లాంటి ఉబ్బు ఉంటే తప్ప. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవండి, మాట్లాడగలిగి పాడలేనంత వేగంతో. దాంతో పాటు వారానికి రెండు మూడు రోజులు కండరాలకి పని పెట్టండి. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం, గోడకి ఆనుకుని పుషప్స్, రెండేసి కిలోల డంబెల్స్, ఇంతతో మొదలుపెట్టొచ్చు. ఆడవాళ్ళు బరువులెత్తితే మగవాళ్ళలా కండలొస్తాయన్నది నిజం కాదు. మన జనాల్లో కండ తక్కువ, లోపలి కొవ్వు ఎక్కువ. కాబట్టి నడక ఒక్కదానితో సరిపెట్టుకోవద్దని నేను ప్రత్యేకంగా చెబుతాను. ఫలానా చోట కొవ్వు కరిగే వ్యాయామం అంటూ లేదు. చేతులు తిప్పితే చేతుల్లో కొవ్వే తగ్గదు, ఒళ్ళంతా తగ్గుతూ అక్కడా తగ్గుతుంది.

ఆపరేషన్ ఈ మధ్యే అయినవాళ్ళకి: మరుసటి రోజు నుంచే ఇంట్లో నడవాలి, రెండు మూడు వారాలకి తేలిక వ్యాయామం, బరువులు నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత, అదీ మీ సర్జన్ చూసి సరేనన్నాక.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి మీరు అడగలేదు, కానీ ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. 2025 నుంచి టిర్జెపటైడ్, బరువు తగ్గడానికి ఇచ్చే మోతాదులో సెమాగ్లూటైడ్ మన దేశంలో దొరుకుతున్నాయి. ఇవి పనిచేస్తాయి. మీ బీఎంఐకి డాక్టర్ వాటి గురించి ఆలోచించే అవకాశం ఉంది. కానీ ఒక పెద్ద అధ్యయనంలో సెమాగ్లూటైడ్ ఆపేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చింది. పాంక్రియాస్ వాపు వచ్చినవాళ్ళు, కుటుంబంలో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్ళు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు వాడకూడదు. ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టర్ చూడకుండా బ్యూటీ క్లినిక్‌లోనో తెలిసినవాళ్ళ ద్వారానో తీసుకోవద్దు. వాడుతూ ఏదైనా ఆపరేషన్‌కి వెళ్తే మత్తు డాక్టర్‌కి తప్పక చెప్పండి, ఈ మందు వల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

కొవ్వు కరిగించే క్రీములు, చెమట బెల్టులు, నడుం చుట్టూ ప్లాస్టిక్ చుట్టడం, వీటి మీద డబ్బు పెట్టకండి.

ఇక రెండో లైపో. అసలు చేయనని కాదు, కొందరికి చేస్తాను. మొదటిది అయ్యి ఏడాది దాటాలి, బరువు ఆరు నెలలుగా రెండు కిలోల తేడా లోపల నిలకడగా ఉండాలి, నడుం కొలత దిగి ఉండాలి, ఆ తర్వాత కూడా ఒకచోట చేతికి దొరికే మందం మిగిలి ఉండాలి. ఇవన్నీ ఉన్నప్పుడే. ఒకసారి గొట్టం తిరిగిన చోట లోపల మచ్చ కణజాలం గట్టిపడి ఉంటుంది, రెండోసారి అక్కడ రక్తం ఎక్కువ పోతుంది, చర్మం ఎగుడుదిగుడు అయ్యే అవకాశమూ ఎక్కువ. పెరుగుతున్న బరువు మీద చేస్తే ఆ ఎగుడుదిగుళ్ళు ఇంకా స్పష్టంగా కనబడతాయి. ఇవేవీ అడగకుండా, మిమ్మల్ని తూకం కూడా వేయకుండా, ఫోన్‌లోనే ఆపరేషన్ తేదీ ఇచ్చి ఆఫర్ రేటు చెప్పే చోటికి వెళ్ళకండి. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే రెండో లైపో గానీ టమ్మీ టక్ గానీ ఆ తర్వాతే.

అమ్మా, మీరు "ఇంత చేసీ ఓడిపోయాను" అని రాశారు. 14 నెలల్లో రెండుసార్లు పట్టుదలగా డైట్ చేసి వదిలేశానని కూడా రాశారు. వదిలేయడానికి కారణం ఆ డైట్లే, మొత్తం అన్నం మానేయమనేవి ఎవరూ ఏడాది చేయలేరు. అద్దం చూసుకోవడమే భయంగా ఉంటే, తినేసి బాధతో వాంతి చేసుకోవడం లాంటివి ఉంటే, మానసిక వైద్యుల సహాయం తీసుకోండి. దాన్ని కూడా చికిత్సలో భాగంగానే నేను నా పేషెంట్లకి రాసిస్తాను.

మీ ప్రశ్నలో నాకు తెలియనివి నాలుగు: నడుం కొలత, టీఎస్‌హెచ్, నెలసరి సక్రమంగా ఉందా లేదా, ఇప్పుడు వాడుతున్న మందులు. పేరూ ఫొటోలూ పెట్టకుండా ఈ నాలుగూ కింద రాయండి. టీఎస్‌హెచ్ చేయించి ఆరు నెలలు దాటితే కొత్తగా చేయించండి. చూసి, ముందు ఎండోక్రైన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా, ఫిజియోథెరపీతో మొదలుపెట్టాలా అన్నది చెబుతాను.